వంకర ముక్కల కట్ట

యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో పద్దెనిమిది మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, వాటన్నిటి మీదా ఒక సూపర్‌వైజరు. ఆయన్ని అందరూ చాటుగా చూద్దాంగారు అంటారు. ఫ్యాను తిరగడం లేదన్నా చూద్దాం, సెలవు కావాలన్నా చూద్దాం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. అసలు కర్రే పట్టుకోకపోతే రెండూ క్షేమం కదా అని ఆయన ధీమా. ఏడాదికోసారి ఒక్కొక్కరి పని గురించి కాగితం రాయాల్సొస్తే అందరికీ ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం పెట్టేవాడు.

ఏడాదిగా కత్తిరింపు బల్ల దగ్గరి బాబాయికి చూపు మందగించింది. ఒకప్పుడు చూద్దాంగారికి కత్తెర పట్టడం నేర్పింది ఈ బాబాయే. ఇప్పుడు కాలరు ముక్కలు ఒక కొస పొడుగ్గా, ఒక కొస పొట్టిగా వస్తున్నాయి. ఆ మాట చెప్పడానికి చూద్దాంగారికి నోరు రాలేదు. అందుకని రోజూ అందరికంటే అరగంట ముందొచ్చి ముక్కలు ఏరేవాడు. తిన్నగా ఉన్నవి అందరికీ పంచి, వంకరవన్నీ ఒక కట్ట కట్టి కిటికీ పక్కన కుట్టే అమ్మాయి మిషను మీద పెట్టేవాడు. వాటిని సరిచేసి కుట్టగల చేయి షెడ్డు మొత్తంలో ఆమెదొక్కటే. అందరికీ అలాంటివే వస్తున్నాయనుకుని ఆమె తలొంచుకుని దిద్దుకునేది. మిగతావాళ్లు రోజుకి ఎనభై కాలర్లు కుడితే ఆమెవి యాభై దాటేవి కావు.

బుధవారం ఉదయం యజమానురాలు పిలిచింది.

“ఆర్డర్లు తగ్గాయండీ. ఒకర్ని తీసేయక తప్పదు. ఎవర్నంటారు?”

“చూద్దామండి.”

“చూడ్డానికేముంది? అందరి పనీ చాలా బాగుందని మీరే రాశారు. ఇక నాకు మిగిలింది ఈ కాలర్ల పట్టిక. కిటికీ పక్కమ్మాయి బాగా వెనకబడింది. సాయంత్రంలోగా మీరేమన్నా చెప్తే వింటాను. లేకపోతే ఆమే.”

చూద్దాంగారు ముందు బాబాయికి చెప్పేసి, తర్వాత ఈవిడకి చెప్దామనుకుని మాటలు కూడబలుక్కుంటూ బల్ల దగ్గరికి నడిచాడు. బాబాయే ముందు అడిగాడు.

“ఒరేయ్, నిజం చెప్పు. నా కోత సరిగ్గా వస్తోందా? కంటికి ఆపరేషన్ చేయించుకోమని మీ పిన్ని రోజూ పోరుతోంది. బాలేదని నువ్వొక్క మాట అను, రేపే వెళ్తా. నువ్వు కాక నాకెవడు చెప్తాడ్రా?”

ఇంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? ఒక్క మాటతో బాబాయి కళ్లు బాగుపడతాయి, అమ్మాయి ఉద్యోగం నిలుస్తుంది. చూద్దాంగారు ఆ చేతివంక చూశాడు. తన వేళ్లు పట్టుకుని కత్తెర నడిపించిన చేయి.

“నీ కోతకేం బాబాయ్, బ్రహ్మాండంగా ఉంది,” అన్నాడు.

అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. యజమానురాలి గది దాకా మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ వెనక్కొచ్చాడు. లోపలికెళ్తే బాబాయి పేరెత్తాలి, ఏళ్ల తరబడి తను రాసింది అబద్ధమని ఒప్పుకోవాలి. అలా తచ్చాడుతుండగానే ఐదయింది.

పనిలోంచి తీసేస్తున్నామన్న ఉత్తరం పట్టుకుని అమ్మాయి వచ్చింది.

“అన్నయ్యా, నా పనిలో లోపమేంటో చెప్పండి. ఇంకో చోటైనా దిద్దుకుంటాను.”

“ఏ లోపమూ లేదు తల్లీ. నీ అంత బాగా కుట్టేవాళ్లు ఈ షెడ్డులో ఇంకొకరు లేరు.”

ఆ ఏడాది మొత్తంలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే. ఆమె కళ్లు తుడుచుకుంది.

“అందరికీ ఆ మాటే చెప్తారు కదన్నయ్యా. పోన్లెండి, నా చేయి నెమ్మదని నాకు తెలుసు. ఎంత గింజుకున్నా యాభై దాటలేకపోయాను. ఇక మిషను జోలికి పోను.”

“అది కాదమ్మా, ఆ ముక్కలు...”

బల్ల దగ్గర బాబాయి తలెత్తి ఇటే చూస్తున్నాడు.

“ఏ ముక్కలు అన్నయ్యా?”

“ఏం లేదమ్మా. జాగ్రత్తగా వెళ్లు.”