జాజు పూసిన గోడ

రేవణసిద్ధప్ప సేటు గోదాము మీద రెండో అంతస్తు లేపుతుంటే, ఆ గోదాము గోడనానుకుని ఉన్న హమాలీల గుడిసెల్లో జనం గుండెలు చేతపట్టుకుని బతికారు. పునాది ఒక్క అంతస్తుకే వేసింది. మీద ఇంకోటి కట్టకూడదని రూలుంది. రూలు సేటుకు చుట్టం. హనుమమ్మ గుడిసెలో ఆ గోడ పిడికిలి దూరేంత పగిలింది.

హమాలీ సంఘం నాయకుడు వీరన్న మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒక కబురు తెచ్చాడు.

"అక్కా, రేపు ఇన్‌స్పెక్టర్ సారు చూడనీకొస్తుండు!"

పెద్దసారు గడప తొక్కుతాడంటే ఇల్లు ఎట్లున్నది అట్లే ఉంచుతారా? హనుమమ్మ, పక్కింటి గిరిజమ్మ కలిసి నేల అలికారు. పగుల్లో మట్టి కూరి, పైన ఎర్రగా జాజు పూశారు. పాపం, అది మర్యాద అనుకున్నారు.

ఇన్‌స్పెక్టరు సేటు జీపులోనే దిగాడు.

"ఏదమ్మా పగులు?"

"గిదే సార్. మీరొస్తున్నరని మట్టి పెట్టినం. జర ఆగుండ్రి, గీకి సూపిస్త!"

గోళ్లతో గీకింది. వేళ్లు ఎర్రబడ్డాయి. ఆయన ఆగలేదు.

"నా కంటికి కనపడ్డదే రాస్త. గోడ మంచిగనే ఉంది. అసలు మీ గుడిసెలకు పర్మిషనుందా?"

ఫిర్యాదు చేసినవాళ్లే ముద్దాయిలయ్యారు. వీరన్న మళ్లీ అర్జీ పెట్టాడు. చూసివచ్చాం కదా అన్నారు ఆఫీసులో. ఇంక ఎవరి కాళ్లు పట్టుకోవాలి?

ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం గోడ కూలింది. తన గుడిసెలో ఉన్న గిరిజమ్మ మీదే పడింది.

శవాన్ని తీశారో లేదో, సేటు లారీ తెచ్చి నిలబెట్టాడు.

"అయిందేదో అయింది. ఆఫీసర్లొచ్చేసరికి ఇటుకలెత్తి సాఫ్ జేయుండ్రి."

హమాలీలు తట్టలందుకున్నారు. అలవాటుపడ్డ చేతులు. హనుమమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకపారి సాఫ్ జేసినం సేటు! నా చేతులతోనే పూసిన. గిరిజక్క పాయె. ఇప్పుడు ఒక్క ఇటుక ముట్టం. వచ్చేటోళ్లు గిట్లనే సూడాలె!"

ఆమె ఏడుస్తూనే ఇటుకల దిబ్బ మీద కూర్చుంది. మొదట వీరన్న తట్ట పడేశాడు. తర్వాత అందరూ పడేశారు. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆఫీసర్ల కన్నా ముందు పోలీసు వ్యాను వచ్చింది. హనుమమ్మనూ వీరన్ననూ ఈడ్చి ఎక్కించారు. వ్యాను కదులుతుంటే ఆమె జాలీలోంచి వెనక్కి చూసింది.

దిబ్బ మీద నుంచి ఒక్కరూ లేవలేదు.