కింద పడనియ్యని చేతులు

తిరుపతి గంగ జాతరలో నా కోడలు భారతమ్మ పడిపోయింది. పడిపోయింది అనడం కూడా సరి కాదు, పడనియ్యలేదు. నా భార్య శకుంతలమ్మ, ఆమె చెల్లెలు చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టారు. అమ్మవారు పూనిన మనిషిని నేలకు ఒరగనియ్యకూడదని మావాళ్ల ఆచారం. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే "గంగమ్మే!" అని వేపమండలు విసిరారు. ఎంత అడిగినా ఆమె నోట అమ్మవారి వాక్కు రాలేదు. దాంతో మాట మారింది. "పూనకం గాదబ్బా, మూర్ఛ" అంటూ ఎవరో ఇనప తాళంచెవి తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టారు. సాయంత్రానికి చుట్టాలందరి నోళ్లలో అది మూర్ఛరోగమైపోయింది.

పెళ్లయి ఏడాది కాలేదు. నా కొడుకు మునిరత్నం నోరు విప్పలేదు. శకుంతలమ్మ మాత్రం కోడల్ని పూతలపట్టుకు, పుట్టింటికి పంపేయమంది. "రోగం దాచిపెట్టి మనకు అంటగట్టినారు" అంది.

చిత్తూరులో నాది బెల్లం మండీ. అచ్చు పగలగొట్టి లోపల చూడకుండా ధర చెప్పను. లాయరును అడిగాను. మాటిమాటికీ మూర్ఛ వచ్చే మనిషితో జరిగిన పెళ్లిని రద్దు చేయించుకునే దారి అప్పటి చట్టంలో ఉందన్నాడు, అయితే డాక్టరు కాగితం కావాలన్నాడు. కాగితం వస్తే కోడలు పోతుంది, రాకపోతే ఉంటుంది. అత్తాకోడళ్లిద్దరినీ వెంటబెట్టుకుని తిరుపతిలో డాక్టరు కృష్ణమూర్తి దగ్గరికి వెళ్లాను.

"ఉండాదని రాసియ్యండి, లేదంటే లేదని రాసియ్యండి సార్" అన్నాను.

"కాటాలో వేసి చెప్పేదానికి ఇది బెల్లం కాదు జయరామయ్యా" అన్నాడాయన. భారతమ్మ వైపు తిరిగి "ఇంతకు ముందెప్పుడైనా వచ్చిందామ్మా?" అని అడిగాడు.

"లేదు సార్."

"వచ్చినా చెప్తాదా?" అంది శకుంతలమ్మ.

"ఒక్కసారి కొట్టుకున్నంత మాత్రాన రోగమనేసేది లేదమ్మా. కారణమేమీ లేకుండా మళ్లీ మళ్లీ వస్తే అప్పుడంటాం. ఆ ఒక్కసారీ ఏం జరిగిందో ముందు తెలియాల."

"మద్రాసులో తలకు తీగలు పెట్టి గీతలు తీసే మిషను ఉండాదంట గదా?" అన్నాను.

"ఉంది. రోగం ఉన్నవాళ్లకు కూడా ఒక్కోసారి ఆ గీతలు బాగానే వస్తాయి. పైగా మిషను ఆ పొద్దు జాతరకు రాలేదు గదా! దగ్గరుండి చూసినోళ్లు ఎవరు?"

"నేనే" అంది శకుంతలమ్మ.

"కేక పెట్టి బిగుసుకుపోయి పడిందా?"

"లేదు. ఊరికే వాలిపోయింది."

"మొగం కమిలిందా?"

"సున్నం పూసినట్టు తెల్లగా అయిపోయింది. ఒళ్లంతా చెమటలు, నా పట్టు జారిపోతా ఉండె."

"నాలుక కొరుక్కోవడం, చీర తడవడం?"

"అదేం లేదు."

"మనిషి తెలివిలోకి ఎప్పుడొచ్చింది?"

"మా చెల్లెలు చేతులు నొప్పెట్టి వదిలేసింది. కింద పండబెట్టినాం. అంతలోనే కండ్లు తెరిచి అత్తా అనింది."

"వాలిపోయే ముందు ఏమన్నా చెప్పిందా?"

శకుంతలమ్మ తల దించుకుంది. భారతమ్మ గోడ వైపు చూస్తోంది. తానన్న మాట ఆమెకూ గుర్తుందని నాకర్థమైంది. కానీ ఆమె చెప్పలేదు.

"కండ్లు చీకట్లు కమ్ముతాండాయి అత్తా, రవంత నీళ్లియ్యి అనింది. పొంగలి దించేదాకా గుక్క గూడా తాగొద్దని నేనే అన్నాను" అంది శకుంతలమ్మ.

డాక్టరు కోడలి గుండె చూశాడు, నాడి చూశాడు. "ఎండ, ఖాళీ కడుపు. తలకు నెత్తురు అందక సొమ్మసిల్లింది. పడుకోబెట్టుంటే అందేది. మీరు ఎత్తి నిలబెట్టినారు, అందుకే కొట్టుకుంది. మీరు చెప్పినదాంట్లో మూర్ఛరోగం అనేదానికి నాకేమీ కనపడలేదు. మళ్లీ ఇట్లయితే తీసుకురండి" అన్నాడు.

తిరుగు బస్సులో భారతమ్మ నా వెనక సీట్లో కూర్చుంది. చాలాదూరం పోయాక ముందుకు వంగింది.

"మామా, ఆ రోగమే అనుంటే నన్ను పూతలపట్టులో దించేసి పోయుంటారు గదా?"

లేదని చెప్పొచ్చు. ఎదుటి మనిషి నమ్మని ధర చెప్పి ఏం లాభం? "అవునమ్మా" అన్నాను.

పూతలపట్టులో బస్సు ఆగింది. ఆమె లేచింది. శకుంతలమ్మ ఆమె సంచి పట్టుకుని "ఈడ యెందుకు దిగేది? మన ఇంటికి పోదాం రామ్మే" అంది. కోడలు సంచి మెల్లగా విడిపించుకుంది.

"ఆయన ఇన్నాళ్లూ ఒక్క మాట మాట్లాడలేదత్తా. ఆయనే వచ్చి పిలిస్తే వస్తాను."

ఇంటి అరుగు మీద మునిరత్నం ఎదురుచూస్తున్నాడు. "డాక్టరు ఏమన్నాడు నాయనా?"

"రోగం లేదన్నాడు."

"మరి ఆమె యాడ?"

"పూతలపట్టులో దిగిపోయింది. పిలవాల్సింది నువ్వంట."

వాడు అరుగు దిగలేదు. శకుంతలమ్మా నేనూ అక్కడే నిలబడి ఉన్నాం. చాలాసేపటికి వాడు లేచి లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కున్నాడు.