మేకు కొట్టకూడని ఇల్లు

నేను ఒక ఇంటిని. పునాది తవ్వి, ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన ఇంటిని కాదు. హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో, రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలతో తయారై, లారీ ఎక్కి వచ్చిన ఇంటిని. మిగతా ఇళ్లు పుట్టిన చోటే ఉంటాయి. నేను టోల్‌గేటు దగ్గర డ్రైవరు టీ తాగి వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడి, దారినపోయేవాళ్ల చేత ఫొటోలు తీయించుకుని మరీ వచ్చాను.

నన్ను రెండు సగాలుగా చేశారు. ఒక సగం పొద్దుటి షిఫ్టువాళ్లది, రెండో సగం మధ్యాహ్నం షిఫ్టువాళ్లది. లారీ దిగిన చోట రెంటినీ కలిపి, కప్పు మీద అతుకు పొడవునా నీళ్లు దిగకుండా జిగురు టేపు వేసి, దాని మీద రేకు మూత బిగించాలి. అంతే పని. ‘ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, మీరు కట్టనక్కర్లేదు, చూస్తే చాలు’ అని కంపెనీవాళ్లు రంగుల కాగితం మీద అచ్చు వేశారు. ఆ కాగితం చదివి నా మీద నాకే గొప్ప నమ్మకం కుదిరింది.

నన్ను కొన్నది అండాళమ్మ. జనగామ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త వెంకటనర్సయ్య దర్జీ, పోయి రెండేళ్లయింది. ఇద్దరూ కలిసి పదకొండు అద్దె ఇళ్లు మారారు. ఓనర్లు పదకొండు రకాలైనా మాట మాత్రం ఒక్కటే: గోడకు మేకు కొట్టొద్దు. దాంతో కేలెండరు కిటికీ ఊచకు, అద్దం తలుపు గడియకు వేలాడుతూ వాళ్ల కాపురం సాగిపోయింది. ఆయన పోయాక ఆయన ఫొటోను ఫ్రిజ్ మీద పెట్టి గోడకు ఆనించింది. ఫ్రిజ్ వణికినప్పుడల్లా ఫొటో జారేది. రెండోసారి బోర్లా పడి అద్దం పగిలిన రోజే, సొంత ఇల్లు కొనాలని ఆమె నిశ్చయించుకుంది. చూశారా, నేను పుట్టింది ఒక మేకు కోసం.

గృహప్రవేశానికి లగ్నం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు పెట్టారు. పది నిమిషాలకు కాదు, పదిహేనుకు కాదు. నా లారీకి ఆ సంగతి తెలియదు కదా, అది తాపీగా ఏడున్నరకు వచ్చింది. కంపెనీ మేస్త్రీ ఐలయ్య, అతని మనుషులు క్రేనుతో నా సగాలను దించి కలిపేసరికి తొమ్మిదైంది. కింద పూజ చేయించే అయ్యగారు గడియారం చూస్తున్నారు. పాలగిన్నె పట్టుకుని అండాళమ్మ కప్పు వైపు చూస్తోంది.

“ఐలయ్యా, లగ్నం దాటుతది. జల్ది మూత పెట్టు.”

“టేపు ఎయ్యాలె అమ్మా.”

“పాలు పొంగినంక ఎయ్యొచ్చు తియ్యి. నెత్తి మీద మూత లేని ఇంట్ల పాలెట్ల పొంగిస్తరు?”

ఐలయ్య మూత బిగించాడు. పాలు వేళకు పొంగాయి. ఆ తర్వాత పులిహోర వచ్చింది, లడ్డూ వచ్చింది, తాంబూలం వచ్చింది. టేపు సంగతి ఎవరికీ గుర్తురాలేదు. చుట్ట విప్పకుండానే అది మూత కింద, నా నెత్తిలోనే ఉండిపోయింది. చెప్పాలని నాకు ఎంతో ఉంది. కానీ ఇంటికి నోరుంటే ఏ కాపురమూ నిలవదని కాబోలు, దేవుడు నాకు నోరివ్వలేదు.

చుట్టాలు వెళ్లాక అండాళమ్మ సుత్తి తీసి, స్విచ్‌బోర్డుకు మూరెడు దూరంలో మేకు కొట్టి, కొత్త అద్దం వేయించిన ఫొటో తగిలించింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. తర్వాత తీరిగ్గా కంపెనీ ఇచ్చిన పుస్తకం తెరిచింది. పద్నాలుగో పేజీలో ఉంది: ‘గోడలకు మేకులు కొట్టరాదు. కొట్టినచో వారంటీ చెల్లదు.’ సొంతింట్లో కూడా ఒక ఓనరు ఉన్నాడు. పద్నాలుగో పేజీలో కాపురముంటున్నాడు.

మిరుగు, అంటే మృగశిర కార్తె, రాగానే మొదటి వాన పడింది, నేను కారాను. అతుకులో దిగిన నీళ్లు గోడ వెంట జారి స్విచ్‌బోర్డు పక్కన తేలాయి. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఒకసారి ఫ్యాను వేయబోయి ఆమె షాకు తింది. సాయంత్రం దాకా చెయ్యి తిమ్మిరెక్కి ఉంది. ఆనాటి నుంచి మబ్బు పట్టగానే కరెంటు మెయిన్ ఆపేసి, బకెట్టు పెట్టి, విసనకర్రతో కూర్చునేది. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించేది. పాట బాగానే ఉండేది. రెండు నెలలు విన్నది.

చివరికి సర్వీసు ఇంజనీరు ప్రణయ్ వచ్చాడు, వెంట ఐలయ్యను తెచ్చుకున్నాడు. ఇంజనీరు కప్పు వైపు తలెత్తనే లేదు. నేరుగా మేకు దగ్గరికి వెళ్లి ఫొటో తీసుకున్నాడు.

“మేడం, మేకు కొట్టారు కదా. నీళ్లు ఇక్కడి నుంచే వస్తున్నాయి.”

“మేకు లోపట కొట్టిన. వాన బయట పడ్తది గద సారూ.”

“రూలు అది మేడం. మేకు తీసేసి, మీ పొరపాటేనని సంతకం పెట్టండి. నేను మాట్లాడి రిపేరు చేయిస్తా. లేదంటే వారంటీ క్యాన్సిల్ అవుతుంది.”

అండాళమ్మ కాగితం చూసింది, ఫొటో చూసింది. సంతకం పెడితే కప్పు ఆరుతుంది, వెంకటనర్సయ్య మళ్లీ ఫ్రిజ్ ఎక్కుతాడు. పెట్టకపోతే ఆయన గోడ మీదే ఉంటాడు, ఈమె మాత్రం ప్రతి వానకూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి. కంపెనీ ఆమెకు పన్నెండో ఓనరన్నమాట.

ఆమె కలం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లింది. రెండు చెంబులతో వచ్చింది. ఒకదాంట్లో పసుపు నీళ్లు, ఒకదాంట్లో కుంకుమ నీళ్లు.

“ఐలయ్యా, నువ్వు పైకెక్కి అతుకు మీద పసుపు నీళ్లు పొయ్యి. నేను బయటికెళ్లి మేకున్న కాడ గోడకు కుంకుమ నీళ్లు కొడ్త. సారూ, నువ్వు లోపట నిలబడు. ఏ రంగొస్తే తప్పు దానిదే.”

మెయిన్ ఆపేసింది. బయట గోడంతా ఎర్రనైంది. లోపల మేకు చుట్టూ ఒక్క బొట్టు లేదు. ఐదు నిమిషాలు గడిచాయి. స్విచ్‌బోర్డు దగ్గర కూడా ఏమీ రాలేదు. ఇంజనీరు మొహం వికసించడం మొదలైంది. కారాలని ఏ ఇల్లూ మొక్కుకోదు. నేను మొక్కుకున్నాను. నా అతుకుల్లో ఉన్న వంకరలన్నీ ఆ పసుపు నీళ్లకు దారి చూపించాలని తహతహలాడాను.

స్విచ్‌బోర్డు పక్కన సన్నటి పచ్చని గీత దిగింది. తర్వాత ఇంకొకటి.

ఇంజనీరు ఏదో అనబోయాడు. కిటికీ బయట నిచ్చెన మీంచి ఐలయ్య అందుకున్నాడు. “సార్, టేపు నేనే ఎయ్యలేదు. లగ్నం దాటుతదని మూత పెట్టి మర్చిపోయిన.”

మూత విప్పారు. ప్లాస్టిక్ కాగితం కూడా చింపని టేపు చుట్ట బయటపడింది. ఐలయ్య దాన్ని చేత్తో పట్టుకుని తలవంచుకున్నాడు.

“జల్ది జెయ్యమన్నది నేనే ఐలయ్యా. సగం తప్పు నాది,” అంది అండాళమ్మ. “మేకుది మాత్రం కాదు.”

ఇక కాగితం నింపాలి. ‘లోపానికి కారణం’ అన్నచోట కంపెనీవాళ్లు మూడే గళ్లు అచ్చు వేశారు: కస్టమరు నిర్లక్ష్యం, ప్రకృతి వైపరీత్యం, ఇతరములు. కంపెనీ పొరపాటు అనే గడి లేదు, అచ్చేసినవాళ్లకు ఆ ఊహే వచ్చి ఉండదు. ప్రణయ్ చాలాసేపు ఆలోచించి, ఇతరములలో ‘ముహూర్తం’ అని రాశాడు. నా ఫైలులో ఇప్పటికీ అదే ఉంది.

టేపు వేశారు. గోడ మీద పచ్చని చారలు తుడుస్తానని ఐలయ్య గుడ్డ తీశాడు. “ఉండనియ్యి, ఇంటికి పసుపు మంచిదే,” అందామె.

మరుసటి వానకు ఆమె మెయిన్ ఆపలేదు. ఫ్యాను కింద కూర్చుని, నీళ్లు వస్తాయేమోనని గోడనే చూసింది. రాలేదు. అప్పుడు లేచి సుత్తి తెచ్చి, ఫొటో పక్కన రెండో మేకు కొట్టింది. దానికేమీ తగిలించలేదు.

“గిది నాది,” అని వెంకటనర్సయ్యకు చెప్పింది. “తొందరేం లేదు. జాగ పట్టి పెట్టిన.”

నా ఆయుష్షు ముప్పై ఏళ్లని కంపెనీ కాగితం చెబుతోంది. కంపెనీ మాట ఎంతవరకు నమ్మాలో మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఈ ఒక్కటీ నిజమైతే బాగుండునని ఉంది. ఆ ముప్పై ఏళ్లూ ఆ మేకు ఖాళీగానే ఉండాలి.