విల్మా పడిన రోజు

మనవరాలు సర్ఫింగ్ బోర్డుకున్న పట్టీని కాలికి కట్టుకుంటుంటే డార్లీన్‌కు నవ్వొచ్చింది. తాను ఆ ఈడు పిల్లగా ఉన్నప్పుడు ఆ పట్టీలు లేవు. అల మీంచి పడితే బోర్డు మనిషిని వదిలేసి ఒడ్డుకు పరుగుతీసేది. ఒడ్డున ఎవరుంటారన్నదే భయం.

కాలిఫోర్నియాలో ఆ ఒడ్డంతా సైన్యానిది. మంచి అలలన్నీ దాని ముందే లేచేవి. బోర్డెక్కి అలల మీద స్వారీ చేసే సర్ఫింగ్ పిచ్చివాళ్లు తెల్లవారగానే రైలు కట్ట దాటి, పొదల్లోంచి దొంగల్లా నీళ్లలోకి దిగేవారు. ఒడ్డు చేరిన బోర్డును సైనికులు జీపులో వేసుకుపోతే మళ్లీ కనబడేది కాదు.

డార్లీన్‌ది తేలికైన బాల్సా చెక్క బోర్డు. వేసవంతా గరాజులో తానే చెక్కుకుంది. అది పోతే పదిహేడేళ్ల పిల్లకు మళ్లీ పాత బతుకే: ఇసుకలో కూర్చుని మగపిల్లల తువ్వాళ్లకు కాపలా.

ఆ ఉదయం నీళ్లలో ఆమె పక్కన విల్మా ఒక్కతే ఉంది. ఊళ్లో ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే విల్మాది ఎర్రచెక్కతో చేసిన బరువైన బోర్డు.

"విల్మా, జీపు వచ్చింది!"

"వస్తే రానీవే. బూట్లు తడిస్తే వాళ్ల సార్జెంటు తోలు తీస్తాడు. నువ్వు ఒడ్డు వంక చూడకు, పడతావు."

డార్లీన్ చూసింది. పడింది.

పైకి తేలేసరికి తన బోర్డు నురగ మీద దూసుకుపోతోంది. సైనికుడు మోకాళ్ల లోతుకు దిగి చేతులు చాపాడు. డార్లీన్ ప్రాణం పెట్టి ఈదింది. అందేలా లేదు.

అంతలో పక్కనుంచి విల్మా బోర్డు, మీద మనిషి లేకుండా, తిన్నగా సైనికుడి మీదికే వచ్చింది. వాడు ఉలిక్కిపడి దాన్ని పట్టుకున్నాడు. ఆ బరువుకు నీళ్లలో కూలబడ్డాడు. ఆ కాస్త సందు చాలు. డార్లీన్ తన బోర్డు అందుకుని సముద్రం లోపలికి తిప్పేసింది.

విల్మా ఈదుకుంటూ వచ్చి దాని అంచు పట్టుకుంది.

"నువ్వూ పడ్డావా?"

"ముప్పై ఆరేళ్లొచ్చాయి. కాళ్లు మాట వినడం లేదు. నోరు మూసుకుని చేతులాడించు!"

"అంత చిన్న అలకా?" అంటూ డార్లీన్ కారెక్కేదాకా ఏడిపించింది. విల్మా ఆ మాటలన్నీ పడింది. తన బోర్డు సైనికుల జీపులో పోవడంతో ఆ ఏడాదంతా అరువు బోర్డులతో గడిపింది.

ఎనిమిదేళ్ల తర్వాత, అవే నీళ్లలో, మొహమంతా మచ్చలున్న పద్నాలుగేళ్ల లూఆన్ బోర్డు చేజార్చుకుంది. ఒడ్డున సైనికుడు. డార్లీన్ ఏమీ ఆలోచించలేదు. కాలే తన బోర్డును ఒడ్డువైపు తన్నింది. చన్నీళ్లలో మునుగుతుండగా తెలిసింది: ఆ రోజు విల్మా పడలేదు.

సాయంత్రం తడి జుట్టుతోనే విల్మాకు ఫోన్ చేసింది.

"కావాలనే వదిలేశావు కదూ?"

"ఇప్పటికి తెలిసిందా మొద్దూ?"

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ బోర్డు తెచ్చి నా గుమ్మంలో పెట్టేదానివి. మళ్లీ తువ్వాళ్ల కాపలా!"

"థాంక్స్, విల్మా. నువ్వు లేకపోతే ఇదంతా నాకు..."

"ఏడుపు ఆపు. ఆ పిల్ల బోర్డు దక్కిందా?"

"దక్కింది."

"నువ్వు పడ్డావని నవ్విందా?"

"కారెక్కేదాకా."

"నవ్వనీ. చెప్పకు."

విల్మా పోయి చాలా కాలమైంది. లూఆన్‌కు డెబ్బై దాటినా ఇంకా అలలెక్కుతూనే ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపుతుంది. అందులో ఎప్పుడూ ఒకటే ఎగతాళి: "అంత చిన్న అలకు ఎలా పడ్డావమ్మా?"

కాళ్లు మాట వినలేదని డార్లీన్ ప్రతిసారీ జవాబు రాస్తుంది.