పదహారు బస్తాల ప్రమాణం

అన్యాయం జరిగింది ఎవరికి? కోకో బస్తాలు మోసే బాదుకి. ఎలా? రైతుల ఇళ్లలో నిండుగా తూగిన బస్తాలు కోకో కొనే సంఘం కొట్టులో తక్కువ తూగుతున్నందుకు, దారిలో గింజలు కాజేస్తున్నాడని కాటాదారు న్తియామోవా గడపగడపకూ వెళ్లి చెప్పాడు. ఆరేళ్లుగా బాదు తలకు ఎవరూ బస్తా ఎత్తలేదు.

అతని కూతురు సెర్వా కుమాసి పట్నంలో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. సెలవుల్లో వచ్చి, అందరూ గౌరవంగా 'నానా' అని పిలిచే ఊరి పెద్ద సమక్షంలో ఆయన పీఠం మీద ప్రమాణం చేసింది: దొంగ తన తండ్రి కాదు, కాటా. ఆ ప్రమాణం చేసి నిరూపించలేనివారు కుటుంబంతో సహా ఊరు విడవాలి.

"నా కాటా ఊగుతుంది, నిజమే," అన్నాడు న్తియామోవా. "ఒకసారి మీకు, ఒకసారి నాకు. మొత్తమ్మీద సరి. తరుగు దొంగది! మాస్టారమ్మా, బస్తాలకు నీ లెక్కలు రావు."

అందరూ నవ్వారు. సెర్వా పెద్దాయన వైపు తిరిగింది.

"ముందు కాటా నిర్దోషి అనే అనుకుందాం, నానా," అంది పెద్దాయనతో. "అలాగైతే తేడాల సగటు సున్నాకి దగ్గరుండాలి. పదహారు బస్తాలను ఆసుపత్రి కాటా మీద, తర్వాత ఈ కాటా మీద తూచండి. సగటుకి సహజంగా ఉండే ఊగిసలాట ఎంతో కడతాను. సగటు తరుగు దానికి ఇన్ని రెట్లు దాటితేనే నా మాట నిజం. నిర్దోషి కాటాకు అంత తరుగు నూటికి ఒక్కసారి వస్తుంది."

ఎన్ని రెట్లో కాగితం మీద రాసి, మడిచి, పెద్దాయన మాటను సభకు వినిపించే ప్రతినిధి 'ఒక్యామె' చేతికిచ్చింది. ఇక మార్చడానికి లేదు.

"మా బస్తాలు తియ్యవే, అవెప్పుడూ తక్కువే తూగుతాయి," గుసగుసలాడింది మేనత్త.

"ఏరితే అది పరీక్ష కాదత్తా, పగ."

చీట్లు వేసి బస్తాలు తీశారు. మొదటిది సంఘం కాటా మీద కిలో ఎక్కువ తూగింది. రెండోదీ ఎక్కువే. మూడోదీ.

"చూశారా, రైతుకే లాభం!" న్తియామోవా తొడ చరిచాడు.

బాదు తల వంచుకున్నాడు. ఆ ముసలి మెడ వంపు చూడలేక సెర్వా కళ్లు తిప్పుకుంది. ఈ వయసులో ఆయన్ని ఎక్కడికి తీసుకుపోవాలి?

నాలుగోది మూడు కిలోలు తగ్గింది. ఐదోది నాలుగు. పదోది దించేసరికి అత్త చెయ్యి గిల్లింది. "గెలిచాం, ఇక ఆపెయ్యి."

"పదహారన్నాను. పదహారే."

పదహారోది దిగింది. సెర్వా లెక్క కట్టింది. సగటు తరుగు కిలోన్నర. ఊగిసలాట అర కిలో. మూడు రెట్లు.

ఒక్యామె కాగితం విప్పాడు. "రెండు పాయింటు ఆరు."

కేకలు లేచాయి. సెర్వా కేక వెయ్యలేదు. ఆ నూటికి ఒక్కటీ ఇదేనేమో! నిర్దోషి మీద నేరం మోపుతోందేమో! "నానా, కాటా విప్పించండి," అంది.

విప్పారు. పళ్లెం కింద ఇరుసు ఒక పక్కకు అరిగిపోయి ఉంది. ఊగడం దాని జబ్బు. తగ్గించడం దాని అలవాటు. న్తియామోవా వంగి ఆ అరుగుదలను వేలితో తడిమాడు. ఆరేళ్లలో ఒక్కసారైనా విప్పి చూడనివాడు, ఒక మనిషిని దొంగ అన్నాడు.

శాంతికి న్తియామోవా బాదుకి గొర్రెపోతును ఇవ్వాలని తీర్పైంది. అంతకుముందు, దొంగ అని చెప్పిన ప్రతి గడపకూ వెళ్లి కాదని చెప్పాలి. నలభై మూడు గడపలు. ఒక్యామె వెంట నడిచి లెక్కపెట్టాడు.

చివరిది బాదు గడప. న్తియామోవా మోకాళ్ల మీద కూర్చుని, "నువ్వు దొంగవి కాదు, పెద్దయ్యా," అన్నాడు.

బాదు గొర్రెపోతు తాడు అందుకుని ఒక్యామె వైపు చూశాడు. "ఎన్నయ్యాయి?"

"నలభై మూడు."

"అయితే నా పేరు నాకు ముట్టింది," అన్నాడు బాదు. "బాకీ లేదు."