ఫోల్కె వాటా

ఆగండి, ఆగండి, ఎక్కడికీ పోకండి, ముందు ఇది వినండి!

స్వీడన్ ఉత్తరాన మా గ్రాన్‌సెలేలో నా తర్వాత ఎవరూ పుట్టలేదు. బడిలో చివరి పిల్లని నేనే. అది మూతపడ్డాక, దుప్పి వేట మాంసం ఆ బడి భోజనాల గదిలోనే పంచుకుంటున్నాం. వేట జట్టులో కనీసం ఆరుగురైనా ఉండాలి, లేకపోతే మా అడవిలో వేట హక్కు పక్క ఊరి జట్టుకి పోతుంది. మొన్న వసంతంలో ఫోల్కె తాత పోయాక సరిగ్గా ఆరుగురం మిగిలాం. నాకు ఇరవై ఆరు. నా తర్వాత చిన్నది సిగ్నే అత్త, ఆమెకి అరవై తొమ్మిది!

ఈ ఏటి పంపకం అయ్యాక జట్టుకి ఒక మాట చెప్పాలి. దక్షిణాన ఒక నగరంలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. గది నిండా పిల్లలు! వారం నుంచీ చెప్పాలనుకుంటూ వాయిదా వేస్తున్నా.

బల్లల మీద మాంసం ఆరు కుప్పలు పెట్టారు. పక్షపాతం లేకుండా, అందరికన్నా చిన్నవాళ్ళు గోడకేసి తిరిగి పేర్లు చెప్పాలి. ఆరేళ్ళప్పటి నుంచీ ఆ చిన్నదాన్ని నేనే.

జట్టు పెద్ద యాల్మార్ తాత ఒక కుప్ప మీద చెయ్యి పెట్టాడు. "ఇదెవరికే తూవా?"

"సిగ్నే అత్తకి!"

"అన్నీ బొమికలే! నా కట్టుడు పళ్ళ మీద నీకేం పగే?" అంది సిగ్నే అత్త. అందరూ ఒకటే నవ్వు.

అలా పిలుస్తూ పోయాను. చివరి కుప్ప.

"ఇదెవరికి?"

"ఫోల్కె తాతకి!"

నవ్వులు ఆగిపోయాయి. ఎప్పుడూ ఆ పేరుతోనే ముగించేదాన్ని, అలవాటుగా వచ్చేసింది. వెనక్కి తిరిగాను. నా పేరు అసలు చెప్పనే లేదు. ఒకసారి పలికాక పేరు మార్చకూడదు.

"పోయినోడికి వాటా ఉంది, నీకు లేదు," యాల్మార్ తాత మెల్లిగా అన్నాడు. "నిన్ను నువ్వే లెక్కలోంచి తీసేసుకున్నావు. ఎప్పుడెళ్తున్నావే?"

"దక్షిణాన టీచరు ఉద్యోగం, జనవరిలో మొదలు తాతా."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది! సిగ్నే అత్త ఫోల్కె వాటాని కాగితంలో చుట్టి నా చేతుల్లో పెట్టింది.

"తీసుకెళ్ళు. వచ్చే ఏడు గోడకేసి తిరగాల్సింది నేనే కదా," అంది. "అసలు వేటంటూ ఉంటే."

ఆ మాంసం ఇంకా నా ఫ్రీజర్‌లోనే ఉంది. వండాలంటే చెయ్యి రావడం లేదు. ఉద్యోగం వాళ్ళకి నేనింకా సరే అనలేదు, రేపటిలోగా అవునో కాదో చెప్పాలి. మీరైతే ఏం చేస్తారు?