చెరో సగం పడవ

పెద్దకోడలికి తన తోడికోడలి వంట మీద ఏ కుళ్ళూ లేదు. ఆ పిల్ల వండిన కూర తిన్నవాళ్ళెవరికీ ఉండదు కూడా. కుళ్ళంతా ఆ పిల్ల గీసే గీత మీదే.

పడవలు కట్టే కంపెనీలో, డ్రాయింగు గదిలో, వంపు గీయాలంటే ఇన్నేళ్ళూ పెద్దకోడలే. చిన్నకోడల్ని వెంటబెట్టుకొచ్చి చేర్పించిందీ తనే. ఫ్రెంచి కర్వు పట్టడం నేర్పిందీ తనే. ఎవరూ బలవంతపెట్టలేదు, తన చేత్తో తను చేసుకున్న ఘనకార్యం. ఫ్రెంచి కర్వంటే ఒళ్ళంతా వంపులున్న ప్లాస్టిక్ పలక. గదిలో అందరూ దాన్ని "చెవి" అంటారు. దాని అంచు ఆనించి కొంత గీత గీస్తారు, జరిపి మరికొంత. రెండూ కలిసినచోట అతుకు కనబడకూడదు. ఆ సంగతి తేల్చేది ఆ గదికి అధికారి అయిన పెద్దాయన. బల్లకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, గీత వెంట చూస్తాడు. పెద్దకోడలి గీతలకు "ఊఁ" అనేవాడు. మొన్న చిన్నకోడలి గీతకు "ఆహా" అన్నాడు.

ఆ "ఆహా" పెద్దకోడలి గొంతులో చేపముల్లులా దిగబడింది.

ఇంతలో పెద్ద పడవ పని వచ్చింది. "దాని గీతలన్నీ ఒక్క చెయ్యే గీయాలి. ముందు ఈ చిన్న పడవ కుడివైపొకరు, ఎడమవైపొకరు, చెరో సగం గీయండి. ఎవరి సగం బాగుంటే పెద్దది వాళ్ళది," అన్నాడు పెద్దాయన.

రెండు సగాలూ ఒకేలా రావడానికి ఒక పద్ధతుంది. మొదట గీసినవాళ్ళు చెవి ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆగిందో దాని అంచున పెన్సిలుతో గుర్తులు పెడతారు. రెండోవాళ్ళు దాన్ని తిరగేసి, అవే గుర్తుల ప్రకారం గీస్తారు.

పెద్దకోడలు గీసింది, గుర్తులు పెట్టింది. చిన్నది చేతులు కడుక్కురావడానికి వెళ్ళగానే, పడవ ముక్కు దగ్గరి అతుకు గుర్తును బొటనవేలితో తుడిచి, గోరంత పక్కకి పెట్టింది. ఏమీ ఎరగనట్టు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

"అక్కా, గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయా?"

"నేను పెట్టినవి ఎప్పుడు తప్పాయే?"

"అబ్బే, ఊరికే అడిగాలే."

చిన్నది చెవి తిరగేసి గీసింది. పెద్దాయన వచ్చి చెంప ఆనించాడు. పెద్దకోడలి సగం మీద వేలు పెట్టాడు.

"ముక్కు దగ్గర బొడిపె కట్టిందమ్మా. అతుకు తెలిసిపోతోంది."

రెండో సగం చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఆహా."

పెద్దకోడలు తనే వంగి చూసింది. నిజమే. తన గీత ముక్కు దగ్గర తూలింది. గుర్తు గోరంత జరిపిన చిన్నదాని సగం మాత్రం నీళ్ళలా జారిపోయింది.

"నాదేముందండీ, అక్క పెట్టిన గుర్తులే," అంది చిన్నది. అందులో వెటకారం ఏ మూలా లేదు. అందుకే మరీ మండింది.

పెద్దాయన నుదురు చిట్లించాడు. "ఇంత బాగా గుర్తు పెట్టినదానివి, నీ గీత అలాగే ఎందుకు గీయలేదూ?"

తప్పు తెలిసి గుర్తు దిద్దానందామా అంటే, గీత ఎందుకు దిద్దలేదంటాడు. అసలు సంగతి చెప్పుకునే మొహమా!

"తొందరలో... చెయ్యి జారిందండీ."

పెద్ద పడవ కాగితం చిన్నకోడలి బల్ల మీద పరుచుకుంది. వెళ్తూ వెళ్తూ పెద్దాయన వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్, గుర్తులు మాత్రం అక్కచేతే పెట్టించుకో."

"పెట్టవూ అక్కా?" అంటూ చిన్నది చెవి అందించింది.

పెద్దకోడలు పెన్సిలు తీసింది. ఈసారి ఏ పక్కకి జరిపితే చెడుతుందో ఆవిడకి నిజంగానే తెలియలేదు.